ట్రక్కు కంపెనీలో కొత్త డ్రైవర్ ట్రైనింగ్: నా అనుభవం

హెవీ లైసెన్స్ చేతికి రాగానే తాళం ఇచ్చి పంపేస్తారనుకుంటారు చాలామంది. బుద్ధున్న కంపెనీ ఏదీ అలా ఇవ్వదు. లైసెన్స్ పరీక్షలో తెలిసిన రోడ్ల మీద కాసేపు నడిపి చూపిస్తాం. ఉద్యోగంలో నిండు లోడుతో, ఎప్పుడూ చూడని చోట, వానలో, చీకట్లో, గోదాము దగ్గర సరుకు ఎక్కించి దించే ఇరుకు డాక్‌లోకి బండిని వెనక్కి పెట్టాలి. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. దాన్ని పూడ్చడానికే కంపెనీ ట్రైనింగ్. నేను ఈ మధ్యే అది పూర్తిచేశాను. "కష్టమా?" అని అడుగుతున్నారు తెలిసినవాళ్లు. నడపడం నాకు పెద్ద కష్టంగా అనిపించలేదు. నా ఓపికని పరీక్షించినవన్నీ బండి ఆగి ఉన్నప్పుడో, నడక వేగం కన్నా నెమ్మదిగా కదులుతున్నప్పుడో చేసే పనులే.

మొదటి రోజులన్నీ క్లాసురూమే. సంతకాలు, కంటి పరీక్ష, బీపీ, మత్తుమందుల పరీక్ష, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి సేఫ్టీ వీడియోలు. భోజనం తర్వాత వేసే వీడియోలకి కళ్లు తెరిచి ఉంచడం అన్నిటికన్నా పెద్ద పరీక్ష. పని గంటల గురించిన పాఠం ఒక్కటి మాత్రం చెవులు రిక్కించి విన్నాను. అమెరికాలో సరుకు లారీ డ్రైవర్ వరసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక గరిష్ఠంగా 11 గంటలు నడపొచ్చు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపలే. యూరోపియన్ యూనియన్‌లో మామూలుగా రోజుకు 9 గంటలు, నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం. అంకెలు దేశాన్ని బట్టి మారతాయి, తలనొప్పి మాత్రం అంతటా ఒకటే. గోదాములో లోడు కోసం కూర్చోబెట్టిన గంటలు మన రోజులోంచే పోతాయి.

మా ఇన్‌స్ట్రక్టర్ బోర్డు మీద ఒక ట్రిప్పు రాసి, "ఎప్పుడు బయల్దేరతావన్నది తర్వాత. రాత్రికి బండి ఎక్కడ పెడతావో ముందు చెప్పు" అనేవారు. చీకటి పడేసరికి పార్కింగులు నిండిపోతాయి. నడిపే గంటలు అయిపోయి, బండి పెట్టే చోటు దొరక్క రోడ్డు మీద ఉంటే ఏం చేసినా తప్పే. అందుకని లెక్క రాత్రి దగ్గర మొదలుపెట్టి పొద్దుటి వైపు రావాలి. ఎంత హడావుడి ఉన్నా ఇప్పటికీ నేను అలాగే వేసుకుంటాను.

తర్వాత యార్డు. అక్కడ రోజూ తెల్లవారుజామున మొదటి పని బండి చుట్టూ తిరగడం. టైర్ల అరుగుదల, గాలి, లైట్లు, లీకులు, గొట్టాలు. చక్రం నట్టు కింద సన్నగా తుప్పు చార కనబడితే ఆ నట్టు వదులై ఉండొచ్చు. ఇంత చిన్న గుర్తుని ఎవరో చూపిస్తే తప్ప మనంతట మనం గమనించం. ఎయిర్ బ్రేకుల పరీక్ష మాత్రం నాకు భలే నచ్చింది. కారులో బ్రేకు ద్రవంతో పనిచేస్తే ఇక్కడ గాలితో పనిచేస్తుంది. ఆ గాలే పోతే? చక్రాల దగ్గర బలమైన స్ప్రింగులుంటాయి. వాటిని నొక్కి ఉంచేది కూడా గాలే. అది తగ్గిపోతే స్ప్రింగులు విచ్చుకుని బ్రేకు పట్టేస్తుంది. చక్రాలకి అడ్డు పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి పెడల్‌ని పదేపదే తొక్కుతుంటే గేజ్‌లో ముల్లు దిగుతుంది. సుమారు 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర బజర్ మోగాలి. ఇంకా తొక్కుతూ పోతే 45, 20 మధ్య ఎక్కడో డాష్‌బోర్డు మీది పార్కింగ్ బ్రేకు నాబ్ దానంతట అదే టప్పున బయటికొస్తుంది. మొదటిసారి ఆ చప్పుడికి ఉలిక్కిపడని ట్రైనీ మా బ్యాచ్‌లో లేడు.

ట్రైలర్ తగిలించడం ఇంకో కథ. ఇంజిన్ ఉన్న ముందు బండి వెనకాల గ్రీజు పూసిన పెద్ద పళ్లెం లాంటి ఫిఫ్త్ వీల్ ఉంటుంది. ట్రైలర్ అడుగున కింగ్ పిన్ అనే లావుపాటి ఇనప కడ్డీ ఉంటుంది. వెనక్కి వెళ్తే పిన్ వచ్చి పళ్లెం గాడిలో కూర్చుంటుంది, పళ్లెంలోని దవడలు దాని చుట్టూ మూసుకుంటాయి. "క్లిక్" అని వినబడిందంటే తగులుకున్నట్టేనని అనిపిస్తుంది. ఆ చప్పుడుని నమ్మొద్దని మా ట్రైనర్ ఖరాఖండీగా చెప్పాడు. ట్రైలర్ కొంచెం ఎత్తుగా ఉంటే పిన్ దవడల్లో సరిగ్గా దిగకుండా పైపైనే ఆనుకోవచ్చు. అందుకే బ్రేకు వేసి దిగాలి, టార్చి తీసుకుని ట్రైలర్ కిందికి వంగి చూడాలి. పళ్లేనికీ ట్రైలర్ అడుగుకీ మధ్య వెలుతురు కనబడకూడదు. దవడలు పిన్ మెడ చుట్టూ పూర్తిగా మూసుకుని ఉండాలి. ఆ తర్వాత ట్రైలర్ బ్రేకు పట్టి ఉంచి ముందుకి నెమ్మదిగా ఒకసారి లాగి చూడాలి. చేతికి గ్రీజు, మోకాళ్లకి మట్టి, అయినా ఈ పని మానకూడదు. పాతవాళ్లు కొందరు మానేస్తారు. లోడుతో ఉన్న ట్రైలర్ ఊడి నేలమీద పడిన ఫోటోలు క్లాసులో చూపించారు. చూసినవాళ్లెవరూ టార్చి మర్చిపోరు.

ఇక రివర్స్. ట్రైనింగ్‌లో సగం టెన్షన్ దీనిదే. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ వెనకభాగం ఎడమకి పోతుంది. ఈ మాట చెప్తే అర్థమవుతుంది, చేతులకి మాత్రం అర్థం కాదు. ఏళ్ల తరబడి కారు నడిపిన చేతులైతే అసలే వినవు. మా బ్యాచ్‌లో అస్సలు కారు అలవాటు లేని కుర్రాడు అందరికన్నా ముందు నేర్చుకున్నాడు. ట్రైనర్ చెప్పిన చిట్కా ఏమిటంటే, స్టీరింగ్‌ని అడుగున పట్టుకోవడం. అడుగున చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ అటే పోతుంది. దాంతో బుర్రలో గందరగోళం చాలావరకు తగ్గింది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ట్రైలర్ వెంటనే స్పందించదు. స్టీరింగ్ తిప్పిన కాసేపటిదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది, దాంతో ఇంకా తిప్పుతాం, అప్పుడు ఒక్కసారిగా మడతపడిపోతుంది. కొంచెం తిప్పాలి, ఆగి చూడాలి, సరిచేయాలి. కోణం చెడిందనిపిస్తే ముందుకి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. అలా ముందుకి తీయడం నామోషీ అనుకునేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. ఇంకో సంగతి, వీలైనంతవరకు డ్రైవర్ వైపుకి తిరిగేలా వెనక్కి వెళ్లాలి. కిటికీలోంచి ట్రైలర్ పక్క మొత్తం కనబడుతుంది. అవతలి వైపుకి తిరిగితే, మడత పెరిగేకొద్దీ ఆ పక్క అద్దంలో ట్రైలర్ ఒంటి గోడ తప్ప ఏమీ కనబడదు.

మా ట్రైనర్‌కి ఒక అలవాటుండేది. మనం అద్దాల్లో మునిగి ఉండగా చప్పుడు చేయకుండా వెళ్లి ట్రైలర్ వెనకాల సరిగ్గా మధ్యలో ఒక కోన్ పెట్టి వచ్చేవాడు. వచ్చి, "వెనక ఏముంది?" అని అడిగేవాడు. "ఏమీ లేదన్నా" అంటే చాలు, "దిగి చూసి చెప్పు" అనేవాడు. తర్వాత తర్వాత కోన్ పెట్టకుండానే అడిగేవాడు. ఉందో లేదో తెలియాలంటే దిగాల్సిందే. దిగినవాళ్లం వెనకే కాదు, పైన కూడా చూడాలి. చెట్టు కొమ్మలు, తీగలు, గోదాము ముందుకి పొడుచుకొచ్చిన రేకులు, అన్నీ ట్రైలర్ ఎత్తులోనే ఉంటాయి.

రోడ్డెక్కాక ట్రైనర్ పక్క సీట్లో. మలుపులో ట్రైలర్ చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలివైపు కోసుకుంటూ వస్తాయి. అందుకే మలుపు తీసుకునే ముందు ఇంకొంచెం ముందుకి పోనిచ్చి తిప్పాలి. ముందున్న బండికి ఏడెనిమిది సెకన్ల దూరం ఉంచమనేవాడు. అంత ఖాళీ ఉంచితే కార్లు వచ్చి దూరతాయి, దూరనీయాలి, మళ్లీ వెనక్కి తగ్గాలి. పెడల్ తొక్కాక గాలి గొట్టాల గుండా చక్రాల దాకా చేరడానికి ఒక క్షణం పడుతుంది. గంటకి 88 కిలోమీటర్ల వేగంలో ఆ ఒక్క క్షణానికే బండి మరో 10 మీటర్లు పోతుంది. బ్రేకు పట్టడం మొదలయ్యేది ఆ తర్వాతే.

నాకు గుర్తుండిపోయింది ఘాట్ దిగడం. దిగువ మొదలవకముందే వేగం తగ్గించి, చిన్న గేరులో పెట్టి, ఇంజినే వేగాన్ని పట్టి ఉంచేలా ఇంజిన్ బ్రేకు మీద వదిలేయాలి. వేగం మనం అనుకున్న హద్దుని తాకితే గట్టిగా తొక్కి, వేగం గంటకి 8 కిలోమీటర్ల మేర తగ్గాక వదలాలి, మళ్లీ హద్దుకి వచ్చాకే తొక్కాలి. కింది దాకా పెడల్ మీద కాలు అలాగే ఉంచేస్తే బ్రేకు డ్రమ్ములు విపరీతంగా వేడెక్కి బ్రేకులు పట్టు వదిలేస్తాయి. మేం దిగుతుంటే ముందు వెళ్లిన బండి నుంచి కాలిన వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. మా ట్రైనర్ ఏమీ అనలేదు, ముక్కు చూపించాడంతే.

ట్రైనర్ ఎవరన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. ఆ చిన్న క్యాబిన్‌లోనే ఇద్దరి తిండి, నిద్ర, విసుగు అన్నీ. నాకు దొరికినాయన తక్కువ మాట్లాడేవాడు, పార్క్ చేశాక ఆ రోజు జరిగిందంతా ఒక్కొక్కటే అడిగేవాడు. ఇంకో కంపెనీలో చేరిన మిత్రుడికి దొరికినాయన, ఇతను స్టీరింగ్ ఎక్కగానే వెనక బెర్తులో పడి నిద్రపోయేవాడట. కిలోమీటర్లు ఆయన ఖాతాలో, పని ఇతని మీద. దాన్ని ట్రైనింగ్ అని ఎలా అంటాం?

చివరి టెస్టులో రోడ్డు మీద నడిపించింది కొంచెమే. చెకింగు, తగిలించడం, వెనక్కి పెట్టడం, వీటినే దగ్గరుండి చూశారు. వెనక్కి పెట్టేటప్పుడు ఎన్నిసార్లు దిగావని అడిగారు గానీ ఎంతసేపట్లో పెట్టావని ఎవరూ అడగలేదు.

చేరాలనుకునేవాళ్లు సంతకం పెట్టే ముందు ఒప్పందం పూర్తిగా చదవండి. ట్రైనింగ్ ఖర్చు తామే పెట్టుకుని, ఇంతకాలం పనిచేయకుండా వెళ్లిపోతే ఆ డబ్బు తిరిగి కట్టాలని రాసుకునే కంపెనీలున్నాయి. ట్రైనింగ్ రోజులకి జీతమిస్తారా, ఇస్తే రోజు లెక్కా కిలోమీటర్ లెక్కా, ట్రైనర్ కుదరకపోతే మార్చమని అడగొచ్చా, ఎవరిని అడగాలి, ఇవన్నీ ముందే కనుక్కుని, వీలైతే కాగితం మీద రాయించుకోండి.