పలకరాతి కొండల మధ్య బ్లైనై ఫెస్టినియోగ్

ఉత్తర వేల్స్‌లోని లాన్‌డుడ్నో జంక్షన్‌లో ఎక్కిన చిన్న రైలు కాన్వీ నది పక్కనే, పచ్చిక బీళ్ళూ గొర్రెలూ చూపిస్తూ సాగి, చివర్లో మూడు కిలోమీటర్లు దాటిన సొరంగంలో దూరింది. బయటపడేసరికి పచ్చదనం మాయం. రెండువైపులా బూడిదరంగు రాతిముక్కల గుట్టలు, వాటి మీద సన్నటి జల్లు.

"ఇంతదూరం వచ్చింది ఈ రాళ్ళగుట్టలు చూడ్డానికా అక్కా?" అన్నాడు మాంచెస్టర్‌లో ఉండే మా తమ్ముడు. అవును, వాటికోసమే.

1951లో స్నోడోనియా జాతీయవనానికి హద్దులు గీసినవాళ్ళదీ మావాడి ఆలోచనే. చుట్టూ కొండలన్నీ వనంలో కలిపి, బ్లైనై ఫెస్టినియోగ్ అనే ఈ గనుల ఊరిని మాత్రం వదిలేశారు. మ్యాపులో ఇప్పటికీ నడుమ చిల్లు కనిపిస్తుంది. 2021లో ఈ పలకరాతి గనుల సీమకే యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. నన్నడిగితే ఆ గుట్టలే ఇక్కడి అందం. తడిసినప్పుడు ఒక్కో ముక్కా ఒక్కో నీలంలో మెరుస్తుంది.

ఇది ఆర్డొవీషియన్ కాలపు రాయి. 44 నుంచి 48 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న బురద. అప్పట్లో ఈ ప్రాంతంలో అగ్నిపర్వతాలు కూడా రగిలాయి. ఊరికి పడమట నిలబడ్డ మొయెల్విన్ శిఖరాల్లో ఆ గట్టిరాయి ఉంది. ఆ తర్వాత, సుమారు 40 కోట్ల ఏళ్ళ కిందట, ఖండాలు ఢీకొన్నాయి. ఆ నొక్కుడికి బురదలోని రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే దిక్కుకి తిరిగి సర్దుకున్నాయి. రాయి చీలేది ఆ దిక్కునే, బురద పొరల వెంట కాదు.

లెహ్వెడ్ గని దగ్గర షెడ్డులో ఒకాయన ఇది చేసి చూపించాడు. దిమ్మెను మోకాలికి ఆనించి, అంచుకు సరిగ్గా నడిమిన వెడల్పాటి ఉలి పెట్టి, చెక్కసుత్తితో మెల్లగా తట్టాడు. టక్కున రెండయింది. మళ్ళీ సగం, మళ్ళీ సగం. నా చేతికిచ్చిన పలక అద్దంలా చదునుగా ఉంది, కానీ దాని మీద ఏటవాలుగా ఒక ముదురు చార. ఆ చారే అసలు సముద్రపు పొర! మార్కాపురం పలక మీద అఆలు దిద్దుకున్నదాన్ని, అది ఎందుకలా చీలుతుందో ఒక్కనాడూ అడగలేదు. (మన రాయి ఇంకా ముసలిది, వంద కోట్ల ఏళ్ళు దాటింది.)

ఇక్కడ పలకరాతి పొరలు కొండలోకి వాలుగా దిగిపోతాయి. అందుకే పైనుంచి తవ్వకుండా లోపలికెళ్ళి, స్తంభాలు వదులుతూ గుడి మండపాలంత గదులు తొలిచారు. గనివాళ్ళు తొడకు గొలుసు చుట్టుకుని గోడకు వేలాడుతూ పనిచేసేవారు, కొవ్వొత్తులు సొంత డబ్బుతో కొనుక్కునేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. అమ్ముడుపోయే ఒక టన్ను పలకకు పది టన్నుల దాకా వృథా. బయటి గుట్టలన్నీ అదే.

పక్కనే మానడ్ గనిలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్ నేషనల్ గ్యాలరీ చిత్రాలు దాచారు. పెద్ద బొమ్మలు పట్టేందుకు గని నోరే వెడల్పు చేశారట.

తిరుగు ప్రయాణం ఫెస్టినియోగ్ చిన్నరైల్లో. 1836లో ఈ పట్టాలు వేసింది పలకల్ని పోర్త్‌మాడాగ్ రేవుకు చేర్చడానికే. దారంతా పల్లమే కాబట్టి బళ్ళు వాటంతటవే దొర్లేవి. ఖాళీ బళ్ళను పైకి లాగే గుర్రాలు దిగేటప్పుడు తమకోసం కట్టిన బండెక్కి దర్జాగా నిలబడేవట. ఇది వినగానే మా తమ్ముడికి ఊరు మీద కాస్త గురి కుదిరింది.