బోర్ కొడుతోందన్న ట్యాబ్

పొద్దున్నే వర్క్‌షీట్‌తో కుస్తీ. పుస్తకంలో పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేసి పంపితే క్లాసులో అందరికీ సరిపోతుంది. చూపు లేని మా స్టూడెంట్‌కి మాత్రం అది తెల్లకాగితంతో సమానం. ఫొటోలో ఉన్నవి, తెర మీది అక్షరాల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ లెక్కలో అక్షరాలు కావు, ఉత్త బొమ్మ. అందుకని బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ చేయించాలి, ఆ తర్వాత కూర్చుని సరిచూడాలి. ఈరోజు ఓసీఆర్ గారు ఒత్తులు కొన్ని మింగేశారు. పోనీలే, వాడు సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. కానీ మూడు బై నాలుగుని 34 చేసి పెట్టింది చూశారా, టెన్షన్ అక్కడే. భిన్నాలన్నీ 3/4 అని ఒకే వరుసలో నేనే టైప్ చేశాను.

వాడు వాడే స్క్రీన్ రీడర్ పేరు ఎన్‌వీడీఏ. మైకేల్ కర్రన్ అనే చూపులేని ప్రోగ్రామర్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టాడు. ఉచితంగా దొరుకుతుంది. వీడు దాన్ని ఎంత స్పీడులో వింటాడంటే పక్కనున్న నాకు ఒక్క ముక్క అర్థం కాదు. "కాస్త మెల్లగా పెట్టరా" అంటే, "నిద్రొస్తుంది టీచర్" అన్నాడు.

తర్వాతి క్లాసులో నా మెడలో మైకు, సరిగా వినపడని ఒక పిల్ల కోసం. వినికిడి యంత్రం ఒక్కటే ఉంటే ఫ్యాను మోత, బల్లల చప్పుడు, నా గొంతు అన్నీ కలగాపులగంగా వినిపిస్తాయి. మైకు నా నోటి దగ్గరే ఉంటుంది కాబట్టి నా మాట తేటగా, నేరుగా యంత్రంలోకి వెళ్లి ఆ పిల్ల చెవికి చేరుతుంది. తోటి పిల్లలు చెప్పే జవాబులు దీనికి అందవు. వాటిని నేను తిరిగి చెప్పాలి, లేదా మైకు వాళ్ల చేతికివ్వాలి. ఇంకో చిక్కుంది. వెనక బెంచీవాళ్లని పక్కకి పిలిచి చీవాట్లు పెట్టేటప్పుడు మ్యూట్ నొక్కకపోతే అవీ ఈమెకే వినిపిస్తాయి. నొక్కండి అని మాత్రం ఎప్పుడూ గుర్తుచేయదు, దొంగపిల్ల.

మధ్యాహ్నం కథ చెబుతున్నాను. మాటలు రాని పిల్లవాడొకడు ట్యాబ్‌లో బొమ్మలు నొక్కుతాడు, అది పైకి పలుకుతుంది. "నక్క ఎందుకు పారిపోయింది?" అని వాణ్ణే అడిగాను. వాడు పేజీలు తిప్పుతున్నాడు. పక్కన చేతులన్నీ పైకి లేచాయి, "టీచర్ నేను, టీచర్ నేను". వాళ్లని ఆపడం ఒక ఎత్తు, వాడి నోటిలో జవాబు పెట్టకుండా నన్ను నేను ఆపుకోవడం ఇంకో ఎత్తు. చివరికి ట్యాబ్ పలికింది: "కథ. బోర్."

క్లాసంతా గొల్లుమంది. వాడి మొహం వెలిగిపోయింది.

ఆ ట్యాబ్ మొదట నా చేతికొచ్చినప్పుడు అందులో ఉన్నవి నీళ్లు, ఆకలి, బాత్రూం, సాయం. అంతే. పదేళ్ల పిల్లాడు రోజంతా అడుక్కోవడం తప్ప ఇంకేం మాట్లాడడా? పోట్లాడడానికి పనికిరాని మాటల బోర్డు ఏం బోర్డని నాకు ఒళ్లుమండింది. బోర్, వద్దు, అబద్ధం, నా వంతు అన్నవి నేనే కలిపాను. "అబద్ధం" బాగా అరిగిపోతోంది. పక్కవాడు పెన్సిల్ తీయలేదన్న ప్రతిసారీ మోగుతుంది.

ఇంకా ఏ మాటలు కావాలో రాసివ్వమని సాయంత్రం వాడి స్నేహితులకే చెప్పాను. లిస్టులో మొదటిది "ఔట్". రెండోది ఇక్కడ రాయలేను.