పన్నెండు వోల్టులూ ఉన్నాయి, గొంతే లేదు

అందరూ పడుకున్నారు. కరెంటు పోయి వచ్చింది, ఫ్యాను మళ్ళీ తిరుగుతోంది, నాకే నిద్ర పట్టట్లేదు. ముసల్ది, అదే మా పాత కారు, మళ్ళీ మూగబోయింది. నాలుగు రోజులు షెడ్డులో పెట్టుకుని, కొత్త హారన్ వేసి, ఆరొందల యాభై పుచ్చుకుని పంపిన బండి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం ఎంత, పాతిక కిలోమీటర్లు. అక్కడికి చేరేలోపే, నొక్కితే 'టక్' అని ఊరుకుంది. డబ్బు పోతే పోయింది. షెడ్డులో మీటరు నా మొహం ముందు పెట్టి అక్కడి కుర్రాడు అన్న మాటే చెవిలోంచి పోవట్లేదు: "బారో వోల్ట్ అఛి సార్, హారనే పోయింది."

పన్నెండు వోల్టులు ఉన్న మాట నిజమే. మీటరు నల్ల ప్రోబు (తాకించే కొస) ఎక్కడ పెట్టాడన్నదే సంగతి. ఎర్రది హారన్ వైరు మీద, నల్లది తీసుకెళ్ళి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాడు. అలా చూస్తే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు), హారన్ దాకా వచ్చే వైరు, ఇంతవరకే తెలుస్తుంది. హారన్‌లోంచి బయటపడిన కరెంటు తిరిగి బ్యాటరీకి ఏ దారిన పోతోందో ఆ మీటరు చూడనే లేదు. మన దానికి హారన్‌కి వైరు ఒక్కటే. తిరుగుదారి అంతా ఇనుమే: బ్రాకెట్, దాని బోల్టు, ముందు ప్యానెల్ రేకు, బాడీ, చివర బాడీని బ్యాటరీ నెగటివ్‌కి కలిపే ఎర్త్ పట్టీ.

సాయంత్రం పెద్దాణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి నొక్కమన్నాను. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోలు మీదే పెట్టాను. క్లాంపు మీద కాదు, సీసం మీద. ఆ రెండింటి మధ్యా తెల్లటి పొక్కు కట్టి సగం కథ అక్కడే నడుస్తూ ఉంటుంది. ఎర్రది హారన్ బ్రాకెట్ మీద. నొక్కనప్పుడు సున్నా. నొక్కితే 6.8. అక్కడ 0.2 దాటకూడదు! పన్నెండులో సగానికి పైగా ఆ తిరుగుదారిలోనే హరించుకుపోతోంది. మామూలు హారన్ నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఒక్క ఓమ్ అడ్డు తగిలినా మూడు వోల్టులో అంతకు పైనో అదే మింగేస్తుంది.

ఇక్కడో చిన్న మాట. హారన్ మోగుతుంటే లోపల పాయింట్లు సెకనుకి కొన్ని వందల సార్లు విడిపోయి కలుస్తాయి, అందుకని మీటరులో అంకెలు గంతులేస్తాయి. 'టక్' అని ఆగిపోయిన హారన్‌లో పాయింట్లు అంటుకునే ఉంటాయి, అంకె కదలదు. అలాంటప్పుడు రెండు సెకన్లు మించి నొక్కకూడదు, కాయిల్ ఊరికే వేడెక్కి చస్తుంది. మావాడికి ఈ మాట మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.

మరి షెడ్డులో కొత్త హారన్ ఎలా మోగింది? బోల్టు విప్పి కొత్తది బిగించేటప్పుడు వాషరు రంగుని కాస్త గీకి ఉంటుంది. ఆ గీతంత ఇనుము తగిలింది, మోగింది, బిల్లు లేకుండా డబ్బు తీసుకున్నారు. రోడ్డు మీద నాలుగు కుదుపులకి ఆ కాస్తా జరిగిపోయింది.

మీటరుకి బదులు ఒక ఇండికేటర్ బల్బు వాడి ఉంటే ఈ గోల ఉండేది కాదు. 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు కలుపుకుని, హారన్ వైరు పీకి దానికి ఒక కొస, హారన్ బ్రాకెట్‌కి ఇంకో కొస పెట్టి నొక్కటమే. ఆ బల్బు ఒకటిముప్పావు ఆంపియరు అడుగుతుంది. దారి బాగుంటే దేదీప్యమానం, లేకపోతే మిణుగురు. మీటరు ఏమీ అడగదు, అందుకే వైరులో ఒక్క పోగు మిగిలినా పన్నెండు చూపిస్తుంది. చిన్న బల్బు చెప్పే నిజం, కరెంటు పారకుండా చూసే ఖరీదైన మీటరు చెప్పదు.

ఇంత రాశాక ఒప్పుకోవాలి. గోపాల్‌పూర్ సముద్రపు గాలికి ముందు ప్యానెల్ తుప్పు పడుతోందని వేసవిలో రంగు కొట్టించింది ఎవరయ్యా అంటే మనమే. బ్రాకెట్ కింద కూడా నున్నగా, రెండు పూతలు. కుర్రాడి మీద కోపం సగం తగ్గింది. సగమే.

అది బాగుచేయటం ఎంతసేపు! బోల్టు విప్పి, బ్రాకెట్ కిందా ప్యానెల్ మీదా రూపాయి బిళ్ళంత మేర తళతళలాడేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, మధ్యలో పళ్ళ వాషరు వేసి బిగించి, ఆ తర్వాత పైన వ్యాజలీన్ పూయటం. పైపెచ్చు బ్రాకెట్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి సూటిగా లాగాను, రెండు కొసలకీ రింగు లగ్గులు. మళ్ళీ చూస్తే 0.1. మోగింది. బాగానే మోగింది.

అయితే ఇంకో అనుమానం పట్టుకుంది. ఇన్నాళ్ళూ పాత బళ్ళకి రిలే పెట్టుకోండి అని కనపడిన ప్రతివాడికీ చెప్పాను. రెండు హారన్ల కరెంటు స్టీరింగ్ బటన్ గుండా పారక్కర్లేదు, బటన్ పాయింట్లు కాలవు, హారన్‌కి నిండు వోల్టేజి అందుతుంది. రిలే కాళ్ళకి అంకెలుంటాయి: 30కి ఫ్యూజు మీంచి బ్యాటరీ, 87 హారన్‌కి, 86కి ప్లస్సు, 85 బటన్ ద్వారా ఎర్త్‌కి. వెతకటం కూడా తేలిక: నొక్కితే రిలే 'టిక్' అంటే బటన్ వైపు బాగున్నట్టు. అనకపోతే రిలే పీకి, దాని సాకెట్లో 30నీ 87నీ ఒక వైరు ముక్కతో కలపాలి. మోగితే హారన్ వైపు దోషం లేదు, తేడా బటన్ వైపునో రిలేలోనో.

ఇంతవరకు బాగానే ఉంది గానీ, రిలే కాయిల్ లాగేది ఏ 0.15 ఆంపియరో. స్టీరింగ్ కింద, బటన్ కరెంటు పారే ఇత్తడి రింగు మీద చిలుమూ, ఎండిన గ్రీజూ పేరుకుంటే, మునుపు ఎనిమిదో పదో ఆంపియర్లు పారినప్పుడు ఆ నిప్పురవ్వే దాన్ని కాల్చేసేది. ఇప్పుడీ పిసరంత కరెంటుకి ఆ పొర తొలగదు. అందుకే మన దానికి వానాకాలంలో రెండుసార్లు నొక్కితే గానీ 'టిక్' అనదు. రిలే వద్దనను. రిలే పెట్టిన రోజే ఆ రింగు తుడవాలి అని కూడా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

బటన్ అంటే బావగారి అంబాసిడర్ గుర్తొస్తుంది. దానికి రిలేయా పాడా! హారన్‌కి ఎప్పుడూ కరెంటు ఉండేది, బటన్ పని ఎర్త్ కలపటమే, తాళం తీసేసినా మోగేది. తప్తపాణి ఘాట్ దిగుతుంటే ఎడమకి తిప్పినప్పుడల్లా దానంతటదే కూసింది. కుడికి తిప్పితే గప్‌చుప్. ముందు మాకు నవ్వులాట. ఎదురొచ్చే బస్సు డ్రైవర్లు మర్యాదగా పక్కకి తప్పుకుంటున్నారు, బావ దర్జాగా చెయ్యి ఊపుతున్నాడు. దిగపహండి బజారులోకి వచ్చేసరికి ఇక ఆగటం మానేసింది. ఇంజను ఆపినా అరుపే. కొట్లలోంచి జనం లేచొచ్చారు, అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బావ బానెట్ ఎత్తి హారన్ వైర్లు రెండూ పీకేశాక గానీ ఊరు ఊపిరి పీల్చుకోలేదు.

అది ఎడమ తిప్పుడులోనే ఎందుకు కూసిందంటే, స్టీరింగ్ గొట్టంలోంచి దిగే వైరు మీద తొడుగు ఒక్కచోట అరిగింది. ఆ వైపు మెలి పడినప్పుడే రాగి ఇనుముకి తగిలేది. కనిపెట్టటం సుళువే: బటన్ దగ్గర వైరు ఊడదీసి గాల్లో ఉంచాలి. అయినా కూస్తుంటే తప్పు కింద వైరులో, ఆగితే బటన్‌లో. (ఎయిర్‌బ్యాగు ఉన్న స్టీరింగ్‌లో మాత్రం ఇలా చేతులు పెట్టకండి.)

ఇంతకీ షెడ్డువాళ్ళు కవర్లో చుట్టి ఇచ్చిన పాత హారన్ ఉంది కదా. దాన్ని రాత్రి వరండాలో విడి బ్యాటరీకి సూటిగా తగిలించాను. కప్పలా బెకబెకమంది. వెనక స్క్రూ ఎవరో ఇష్టమొచ్చినట్టు తిప్పారు. పూర్తిగా గొంతు పోయేదాకా ఎడమకి, అక్కణ్ణుంచి కుడికి పావు చుట్టు, వినటం, ఇంకాస్త, వినటం. మూడోసారికి నికార్సైన పాత గొంతు పలికింది. అమ్మ లోపల్నుంచి "వేళాపాళా లేదట్రా, ఎదురింటి చంటిది లేస్తుంది" అని కేకేసింది.

కొత్తది విప్పి డిక్కీలో పడేశాను. టార్చి వెలుగులో పాతదే బిగించాను. స్క్రూ మీద అక్క గోళ్ళరంగు ఒక చుక్క వేశాను, ఇంకెవడూ తిప్పకుండా.