స్కానర్‌కి డబ్బులున్నాయి, అయిదో ఏటికి లేవు

పాత పత్రికల స్కానింగుకి కేంద్రం గ్రాంటు అడుగుతూ పెట్టిన మా దరఖాస్తు మొదటిసారి తిరిగొచ్చినప్పుడు కారణం ఒక్క వాక్యమే రాశారు: "నిర్వహణ ఖర్చులు ఈ పథకం పరిధిలోకి రావు." స్కానర్ కొనుక్కోవచ్చట, స్కాన్ చేసే కుర్రాళ్ళకి జీతాలివ్వచ్చట. చేసినవాటిని పదేళ్ళు కాపాడుకోవడానికి మాత్రం పైసా అడగకూడదు.

మాది విశాఖలో మహారాణిపేట వైపు ఓ చిన్న గ్రంథాలయం. సొసైటీ కింద నడుస్తుంది, నేను కార్యదర్శిని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, పక్కనున్న బీరువా నిలువునా తడిసింది. అందులో 1930, 40ల నాటి తెలుగు పత్రికల బైండ్లు. రోజుల తరబడి కరెంటు లేదు. మా అటెండర్ తాత వరండాలో దండేలు కట్టి పత్రికలు ఆరేశాడు. అతుక్కుపోయిన కాగితాల మధ్య వెదురు పుల్ల దూర్చి ఒక్కొక్కటే విడదీశాం. కొన్ని విడలేదు, ఇటుకల్లా బిగుసుకుపోయాయి. ఆ ఇటుకలు ఇప్పటికీ పారెయ్యలేదు. మిగిలినవైనా స్కాన్ చేయించాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది.

కేంద్రం నుంచి గ్రాంటు అడగాలంటే ముందు స్వచ్ఛంద సంస్థలకిచ్చే దర్పణ్ నంబరు కావాలి, ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్ఎంఎస్‌లో నమోదు కావాలి, ఆడిట్ చేసిన లెక్కలు కావాలి. లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. చిక్కల్లా పేరుతోనే. రిజిస్ట్రేషన్ పత్రంలో 'గ్రంథాలయ' అన్న మాటకి ఇంగ్లీషులో ఉన్న 'హెచ్' ఒకటి బ్యాంకు పాస్‌బుక్కులో లేదు. ఆ ఒక్క అక్షరానికి ఆరు వారాలు తిరిగాను.

ఇంత చేశాక దరఖాస్తు తిరిగొస్తే ఏడుపొక్కటే తక్కువ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రం బోధించి రిటైరైన మాస్టారొకరి దగ్గరికి వెళ్ళాను. కాగితం చూసి నవ్వారు. "ఎక్కడైనా ఇదే వరస నాయనా. కొత్తగా కట్టేదానికి ఇస్తారు, కట్టినదాన్ని నిలబెట్టుకోవడానికి ఇవ్వరు" అన్నారు. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్, రక్షణ పరిశోధన సంస్థ దార్పా, నాసా కలిసి 1994లో డిజిటల్ లైబ్రరీల పరిశోధనకి ఆరు విశ్వవిద్యాలయాలకు డబ్బిచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో గూగుల్‌కి మూలమైన పని ఆ డబ్బు నీడలో మొదలైందే. డిజిటల్ సరుకుని దీర్ఘకాలం దాచే సంగతి చూడమని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి అక్కడి చట్టసభ 10 కోట్ల డాలర్లు కేటాయించింది 2000 డిసెంబరులో. ముందు వెతుకులాట, ఆరేళ్ళకి భద్రత. మన సంగతీ చూడండి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి చొరవతో బెంగళూరు ఐఐఎస్‌సి కేంద్రంగా, పుస్తకాలు స్కాన్ చేసి పెట్టే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నడిచింది. దాని సైటు ఆగిపోయినా ఆ తెలుగు పుస్తకాలు చాలావరకు మనకి దొరుకుతున్నాయంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భండారంలో మరో కాపీ ఉండబట్టే.

మాస్టారు చెప్పిన ఉపాయం సూటిగా ఉంది. "నిర్వహణ అన్న మాట కొట్టెయ్. అదే పనిని పద్ధతిగా, పరిశోధనగా రాయి." సిగ్గనిపించినా రాశాను. డిజిటల్ సరుకుని దీర్ఘకాలం ఎలా దాచాలో చెప్పే ఓఏఐఎస్ అనే నమూనా ఒకటుంది, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14721. దాని ప్రకారం ఏ ఫైలు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు మార్చారు, రేపు ఎలా తెరవాలి అన్నీ రాసి పెట్టుకోవాలి. లెక్క కూడా వేశాం. ఏ4 పేజీ రంగుల్లో, 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు), కుదించకుండా స్కాన్ చేస్తే సుమారు 46 ఎంబీ. మా 12,000 పేజీలకి 550 జీబీ పైచిలుకు. మూడు కాపీలుండాలి, అందులో ఒకటి సముద్రపు గాలి తగలనిచోట. హైదరాబాదులో ఉన్న సభ్యుడొకాయన తన బీరువాలో చోటిస్తానన్నారు. ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతిలో లెక్కగట్టి 64 అక్షరాల ముద్ర రాసుకోవాలి. ఫైల్లో ఒక్క బిట్టు చెడినా ఆ ముద్ర మారిపోతుంది.

మళ్ళీ దరఖాస్తు పెట్టి గ్రాంటు కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఒకాయన అడిగారు: "హార్డ్‌డిస్కులో ఉన్నాక ఇంక కాపాడేదేముందండీ?" దీనికోసమే ఒక సీడీ పట్టుకెళ్ళాను. 2003లో మా పుస్తకాల జాబితా పేజ్‌మేకర్‌లో టైపు చేయించాం, అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షరాల కోడైన యూనికోడ్ ఇంకా మన దాకా రాని రోజుల డీటీపీ ఫాంటులో. పాత కంప్యూటరున్న డీటీపీ షాపులో బతిమాలి తెరిపించి, అందులో అక్షరాల్ని వర్డ్‌లోకి తెచ్చుకున్నాను. అదే తెర మీద చూపించాను. 'వేమన పద్యాలు' ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, ఫ్రెంచి అక్షరాలు, మధ్యలో ఓ చతురస్రం. "ఇది చెదలు తినలేదండీ, తడవలేదు, పోలేదు. చదవలేం, అంతే" అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

రెండు విడతలుగా మంజూరైంది. కాపీరైటు జాబితా మాత్రం నిద్ర పట్టనివ్వలేదు. రచయిత పోయాక 60 ఏళ్ళు దాటిందా లేదా అని పత్రికలోని ఒక్కో పేరుకీ వెతకాలి, కలం పేర్లయితే మరీను. మొదటి విడత డబ్బు ఖాతాలో ఉన్నన్నాళ్ళకీ వచ్చిన వడ్డీ 1,146 రూపాయలు కూడా కేంద్రానికి డబ్బు కట్టే పోర్టల్ భారత్‌కోశ్‌లో వెనక్కి కట్టాం. గ్రాంటు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్, అదే జీఎఫ్ఆర్ 12-ఎ ఫారం, మూడుసార్లు తిరగరాశాను.

గ్రాంటు గడువు మార్చితో అయిపోయింది. ఏటా ముద్రలు సరిచూడటం, డిస్కులు పాతబడితే మార్చడం ఇక మా చందాల మీదే. మొదటి డిస్కు బీరువాలో పెట్టబోతుంటే తాత ఆపాడు. గ్రంథాలయానికి వచ్చే ప్రతిదాన్నీ నమోదుచేసే అక్సెషన్ రిజిస్టరు ఎక్కనిదేదీ ఆయన బీరువాలోకి పోనివ్వడు.

"ఏటి బాబూ, గ్రంథకర్త కాడ ఏటి రాయమంటారు?"

గీత పెట్టమన్నాను. పేజీలు 12,000 అని రాశాడు. ధర గడి దగ్గర కలం ఆపి నావైపు చూశాడు.