ఒకే చప్పట్లు, ఇన్ని గొంతులు

ఇవాళ బీరువా సర్దే పని పెట్టుకున్నాను. చేతులకు పని ఉంటే నా చెవులకూ ఏదో ఒకటి కావాలి. ‘దివాళీ’ సంకలనాన్ని మొదటి నుంచి చివరి దాకా వినాలనిపించి పెట్టాను. న్యూయార్క్‌లోని వీపీ రికార్డ్స్ అనే సంగీత సంస్థ ‘రిడిమ్ డ్రివెన్’ వరుసలో 2002లో తెచ్చిన ఆల్బమ్ ఇది. పాట పాటకూ గొంతు మారుతుంది, సాహిత్యం మారుతుంది, వెనక వాద్యం మాత్రం అదే. జమైకాలో దాన్ని రిడిమ్ అంటారు. లెంకీగా పేరుపడ్డ స్టీవెన్ మార్స్‌డెన్ కట్టిన ఈ రిడిమ్‌కు మన పండుగ పేరే పెట్టారు.

ఇందులో నడకంతా చప్పట్లదే. అవి మనం ఎదురుచూసిన చోట పడవు, ఒకటి కాస్త ముందు, మరొకటి కాస్త వెనక. చీరలు మడతపెడుతూనే కాలితో తాళం వేయాలని చూశాను, కుదురుగా అందలేదు.

“ఇందాకటి నుంచి అదే పాట తిరుగుతోందేమిటి?” అంది అమ్మ లోపలికి వస్తూ.

“పాట వేరమ్మా, వరుస అదే. మీ భజనల్లో ఒకే వరుసకు నాలుగు కీర్తనలు పాడుకోరూ, అలాగ.”

“అయితే సరే,” అని పక్కన కూర్చుని రుమాళ్లు మడతపెట్టింది.

ఈ పద్ధతి పుట్టడానికి జమైకాలోని వ్యాపారమూ కారణమే. ఒకసారి వాద్యం సిద్ధమైతే, నిర్మాత దాని మీద ఎంతమంది గాయకుల చేతనైనా పాడించి విడివిడి రికార్డులుగా అమ్ముకోవచ్చు. డాన్స్ జరిగే చోట సెలెక్టర్, అంటే రికార్డులు ఎంచి వేసే మనిషి, వాటినే ఒకదాని వెంట ఒకటి, ఆడేవాళ్ల అడుగు తప్పకుండా వేస్తాడు. ఒకే రిడిమ్‌తో పూర్తి ఆల్బమ్ తేవడం 1974లో రూపీ ఎడ్వర్డ్స్ ‘యమహా స్కాంక్’ నాటికే ఉంది.

దివాళీ మీద షాన్ పాల్ పాడిన ‘గెట్ బిజీ’ 2003లో అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి చేరింది. హుషారైన పాటే, కాదనను. కానీ నా మనసు వేన్ వండర్ ‘నో లెటింగ్ గో’ దగ్గర ఆగుతుంది. అంత తొందరపెట్టే చప్పట్ల మీద ఆయన తీరిగ్గా, తీయగా ప్రేమ పాడతాడు. గొంతు నిదానిస్తే చప్పట్లు కూడా మెత్తబడినట్టే వినిపిస్తాయి.

‘సఫరర్’ రాగానే చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది. పేదల గవర్నర్ అని పేరున్న బౌంటీ కిల్లర్ గరుకు గొంతుతో బస్తీ జనం బాధ చెబుతుంటే, ఇందాక ఆడించిన చప్పట్లే ఇప్పుడు నిలదీస్తున్నట్టు ఉన్నాయి. వాద్యంలో ఏ మార్పూ లేదు కాబట్టి ఈ తేడా అంతా పాడిన మనిషిదే. గాయకుడి సత్తా ఇంత తేటగా తెలిసే చోటు నాకు మరొకటి కనిపించలేదు. విడి పాటగా ఎన్నోసార్లు విన్నాను గాని, మిగతా వాటి మధ్య విన్నప్పుడే దాని బరువు తెలిసింది.

సాయంత్రం బీరువా తలుపు వేశాక 1985 నాటి ‘స్లెంగ్ టెంగ్’ రిడిమ్ పెట్టాను. చిన్న కేసియో కీబోర్డులో ముందే అమర్చి ఉన్న తాళాన్ని తీసుకుని నిర్మాత కింగ్ జామీ, గాయకుడు వేన్ స్మిత్‌లు జమైకా సంగీతాన్నే కంప్యూటర్ యుగంలోకి తిప్పారు. చరిత్రలో దాని స్థానం పెద్దది. నా ఓటు మాత్రం దివాళీకే. అమ్మ ఓటు వేన్ వండర్‌కు, రాత్రి అన్నం తింటూ ‘ఆ మెత్తని గొంతు అబ్బాయి’ పాట మళ్లీ పెట్టించుకుంది.