నేలపట్టు గూడబాతులు, పులికాట్ రాజహంసలు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ గుడారం వేయాలి

సుళ్ళూరుపేటలో దిగి రెండు రోజుల్లో నేలపట్టు చెరువులో గూడబాతులను (పెలికాన్లు), పులికాట్ సరస్సులో రాజహంసలను (ఫ్లెమింగోలు) రెండింటినీ చూసి వద్దామనుకునేవాళ్లు చాలామంది రెండు చోట్లా ఒకే సెట్టింగులతో ఫోటోలు తీసేస్తారు. అక్కడే తేడా కొడుతుంది. నేలపట్టులో తెల్లటి పక్షి వెనక ముదురాకు పచ్చ ఉంటుంది. పులికాట్‌లో అదే తెలుపు వెనక మెరిసే నీళ్లుంటాయి. వెలుగును కొలిచే కెమెరా మీటరు మొదటిచోట పక్షిని మరీ తెల్లగా కాల్చేస్తుంది, రెండోచోట మసిబారుస్తుంది.

ముందు కాలం సంగతి. ఇక్కడ చెరువు నిండేది ఈశాన్య రుతుపవనాలతోనే. అక్టోబరు, నవంబరు వానలు బాగా పడితే నేలపట్టు చెరువులో బారింగ్టోనియా చెట్లు నడుం దాకా నీళ్లలో మునుగుతాయి. చుట్టూ నీళ్లుంటేనే గూడబాతులు ధైర్యంగా గూళ్లు కడతాయి, ఎందుకంటే నేల మీద నుంచి వచ్చే శత్రువు చెట్టెక్కలేదు. వానలు ముఖం చాటేసిన ఏడు అంత దూరం వెళ్లినా పెద్దగా దొరకదు. పిల్లలకు మేత పెట్టే దృశ్యాలు కావాలంటే జనవరి, ఫిబ్రవరి మంచివి. గూడబాతులతోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా అదే చెట్ల మీద ఉంటాయి. రెట్టతో బలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు ఎరువు కాబట్టి చుట్టుపక్కల రైతులకు ఈ పక్షులంటే ప్రేమ.

నేలపట్టులో మీటరును నమ్మకండి, సెట్టింగులు మీరే పెట్టుకునే మాన్యువల్‌లో పెట్టండి. పొద్దెక్కిన గంటకి అపర్చరు ఎఫ్ 6.3, షట్టరు 1/2000 సెకను, ఐఎస్ఓ 400 దగ్గర మొదలుపెట్టి ఒక గూడబాతు రొమ్ము మీద పరీక్షగా ఒక ఫోటో తీయండి. తెర మీద తెలుపు మిటకరిస్తుంటే ఆ మిటకరింపు ఆగేదాకా షట్టరు పెంచండి. ఎండ మారనంతసేపూ, పక్షి ఆకుల ముందున్నా ఆకాశం ముందున్నా అదే లెక్క సరిపోతుంది. మీటరుతోనే తీయాలంటే ఎక్స్‌పోజర్ సవరణను ఆకుల ముందు మైనస్ 1, ఆకాశం ముందు ప్లస్ 0.7 అని ప్రతిసారీ మార్చుకోవాలి. పక్షి ఎగురుతూ ఆకుల మీంచి ఆకాశంలోకి వచ్చే ఆ ఒక్క సెకనులో ఎవరి వేలూ అంత వేగంగా తిరగదు.

ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టి పక్షి కంటి మీద ఉంచండి. విశాలమైన ఏరియా పెడితే ముందున్న పుల్లను పట్టుకుంటుంది. వాచ్‌టవర్ మీద పక్కవాళ్లు నడిచినా అదురుతుంది, అందుకే ట్రైపాడ్ ఉన్నా 1/1000 కంటే కిందికి దిగకండి. లెన్సు 150–600 లాంటి జూమ్ అయితే హాయి. దగ్గరగా దిగే గూడబాతు రెక్కలు విప్పితే రెండు మీటర్లు దాటుతుంది, జూమ్ కాని 600 ప్రైమ్ లెన్సులో సగం రెక్క బయటే ఉండిపోతుంది.

పిల్ల మేత తినేటప్పుడు మాత్రం కాస్త ఓపిక పట్టాలి. తల్లి గూటి మీద వాలగానే పిల్ల రెక్కలు టపటపలాడిస్తూ మెడ ఊపుతుంది. అది సంకేతం. తర్వాత తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ఆ సంచిలోకి వెళ్లిపోతుంది, మెడ దాకా. బయటికి మెడ చర్మం లోపలి ముక్కు కదలికకు ఉబ్బుతూ కనిపిస్తుంది. సంచి తోలు మీద వెనకనుంచి వెలుగు పడితే లోపలి తల నీడ కూడా తెలుస్తుంది. ఆ ఒక్క భంగిమకి మాత్రం ఎదురెండలో నిలబడినా నష్టం లేదు.

పులికాట్‌లో అసలు స్థలం సుళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డే. సరస్సును చీల్చుకుంటూ పడమర నుంచి తూర్పుకు పోతుంది. శీతాకాలమంతా సూర్యుడు ఆకాశంలో దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న రాజహంసలను తీస్తే వెలుగు మీ వీపు వైపు నుంచి పడుతుంది. దక్షిణం వైపు గుంపు ఎంత దగ్గరగా ఉన్నా నల్లటి బొమ్మలే వస్తాయి. ఉత్తరం వైపు గుంపు కనిపించేదాకా ముందుకు పోవడమే మేలు. నీళ్లు మోకాలి లోతున్న చోట్లే వెతకండి. తలకిందులుగా ముక్కు ముంచి బురదనీళ్లు వడకట్టుకునే పక్షి అది, లోతైన నీళ్లలో దానికి పని లేదు.

కారు దిగకూడదు. కారంటే వాటికి భయం తక్కువ, మనిషి ఆకారం చూస్తే లేచిపోతాయి. ఇంజను ఆపేసి, కిటికీ మీద రెండు కిలోల బియ్యం పోసిన గుడ్డసంచి పరిచి దాని మీద లెన్సు ఆనించండి. కిటికీలు అన్నీ పదినిమిషాల ముందే దించాలి. లోపల ఏసీ చల్లదనం, బయట వేడి కలిసినచోట గాలి వణికి ఫోటో మెత్తబడుతుంది. ఎండెక్కాక బురదమేటల మీద లేచే వేడిగాలి కూడా అంతే. తొమ్మిది దాటితే దూరపు పక్షులకు ఏ లెన్సూ పనికిరాదు, దగ్గరవి మాత్రమే తీయండి. బండిని రోడ్డు మీద ఆపకండి, మరీ మార్జిన్ చివరికి కూడా తీసుకుపోకండి. వాన పడ్డాక అక్కడి మన్ను పైకి గట్టిగా కనిపించి చక్రాన్ని లోపలికి లాగేస్తుంది.

గుంపులో మెడలన్నీ ఒక్కసారిగా నిటారుగా లేస్తే, ఆపైన అన్నీ ఒకే దిక్కుకు నడక మొదలెడితే, మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. అప్పుడు కదలకుండా ఉండండి, లేదా వెనక్కి వెళ్లండి. ఎగిరే ఫోటో కోసం కేకలు వేసి లేపడం ఘోరం. నేలపట్టులో అయితే అది చంపడమే. గూటి మీద తల్లి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి, ఈకలు రాని పిల్ల ఎండకు మాడిపోతుంది.

ఇక గుడారం. అభయారణ్యం లోపల రాత్రి బస సొంతంగా కుదరదు, అటవీశాఖ అనుమతి లేకుండా ప్రయత్నించకండి. ఊళ్లో ఎవరి మెట్ట చేనులోనైనా, పశువుల కొట్టం పక్కనైనా అడిగి వేసుకోవచ్చు. జనవరిలో వరిపొలాలు నీళ్లతో ఉంటాయి, గట్ల మీద వేయకండి, రక్తపింజరలు తిరిగే చోటు. చెరువుకు అర కిలోమీటరైనా దూరం ఉంచండి, రాత్రి లైటు ఎర్రది వాడండి. ఇసుక నేలలో మామూలు మేకులు పట్టవు. యూరియా సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున అడ్డంగా పూడ్చిపెడితే ఎంత గాలికీ కదలదు. కింద పరిచే పట్టా అంచు గుడారం బయటికి రాకూడదు, వస్తే మంచునీళ్లు దాని మీద పడి లోపలికి చేరతాయి. గుడారానికి రెండు వైపులా గాలిదారులు తెరిచే ఉంచాలి. చలికి మూసేస్తే మన ఊపిరే తెల్లారేసరికి లోపలి గుడ్డ మీద చుక్కలై కారుతుంది. సరస్సు దగ్గర నీళ్లు ఉప్పగా ఉంటాయి, మనిషికి రోజుకు ఐదు లీటర్లు వెంట తెచ్చుకోండి. పొయ్యి రాజేయకుండా పులిహోర, చపాతీలతో గడిపేస్తే మంచిది.

లాడ్జిలో ఏసీ గదిలో దిగినవాళ్లకు ఇంకో ఇబ్బంది. చల్లటి లెన్సు బయటి తేమగాలి తగలగానే మబ్బేస్తుంది, అరగంట దాకా పోదు. అందుకే కెమెరా సంచి జిప్పు మూసి, బయలుదేరే ముప్పావుగంట ముందే వరండాలో పెట్టండి. సాయంత్రం తిరిగొచ్చాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో లెన్సు గొట్టం, ట్రైపాడ్ కాళ్లు తుడవండి. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పుకు గీతలు పడతాయి. ట్రైపాడ్ కాళ్లను మడవకుండా పూర్తిగా చాపి రాత్రంతా ఆరనివ్వండి, లేకపోతే మరుసటి ఏడు ఆ మరలు తిరగవు.