సంపాదకులకు లింకన్ రాసినవి, రాసి ఆపుకున్నవి

బహిరంగ లేఖ ఎవరి పేర రాసినా అది వారి కోసం రాసేది కాదని జిల్లా డెస్కులో పనిచేసిన వారెవరికైనా తెలుసు. హన్మకొండలో మా డెస్కుకు ముఖ్యమంత్రికో, కలెక్టరుకో సంబోధించిన లేఖలు లెటర్‌హెడ్ మీద, చివర ‘ప్రచురణార్థం’ అన్న మాటతో వచ్చేవి; అసలు చిరునామాకు అవి చేరాయో లేదో మేమూ అడగలేదు, ఇచ్చినవారూ చెప్పలేదు. బహుశా ఆ అలవాటు వల్లనే, అబ్రహాం లింకన్ పత్రికా సంపాదకులకూ పార్టీ మిత్రులకూ రాసిన ఉత్తరాలను ఈ మధ్య వరుసగా చదువుతున్నప్పుడు, నాకు మహానుభావుడి కంటే ముందు ప్రెస్‌నోట్ విలువ తెలిసిన రాజకీయవేత్త కనిపించాడు. అయితే ఆయన పంపిన ఉత్తరాల పక్కన, రాసి కూడా పంపకుండా ఆపుకున్నవాటిని పెట్టి చదవకపోతే ఆ మనిషి మనకు సగమే అర్థమవుతాడు.

అందరూ ఉటంకించేది హొరేస్ గ్రీలీకి ఇచ్చిన జవాబు. బానిసత్వాన్ని వదలని దక్షిణాది రాష్ట్రాలు యూనియన్ నుంచి, అంటే అమెరికా సమాఖ్య నుంచి, విడిపోగా అంతర్యుద్ధం నడుస్తున్న కాలమది. న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడైన గ్రీలీ, బానిసత్వం విషయంలో అధ్యక్షుడు మెతకగా ఉన్నాడని నిలదీస్తూ 1862 ఆగస్టు 20న తన పత్రికలో ఒక బహిరంగ లేఖ అచ్చు వేశాడు. లింకన్ 22న జవాబు రాశాడు. అది మరునాడు వాషింగ్టన్‌లోని నేషనల్ ఇంటెలిజెన్సర్ పత్రికలో వచ్చింది. ఒక్క బానిసనూ విడిపించకుండా యూనియన్‌ను నిలబెట్టగలిగితే అలాగే చేస్తాననీ, అందరినీ విడిపించి నిలబెట్టగలిగితే అదీ చేస్తాననీ, కొందరిని విడిపించి మిగతావారిని వదిలేసి నిలబెట్టగలిగినా అదే చేస్తాననీ అందులోని సారాంశం. ఈ మాటలు చూపి ఆయనకు బానిసల గోడు పట్టలేదని తీర్పు చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. కానీ అప్పటికి సరిగ్గా నెల రోజుల ముందు, జులై 22న, తిరుగుబాటు రాష్ట్రాల బానిసలకు స్వేచ్ఛనిచ్చే విముక్తి ప్రకటన చిత్తుప్రతిని ఆయన మంత్రివర్గానికి చదివి వినిపించాడు. ఓటముల మధ్య ప్రకటిస్తే దిక్కుతోచక చేసిన పనిలా కనిపిస్తుంది, ఒక విజయం దాకా ఆగండని విదేశాంగ మంత్రి సీవార్డ్ సలహా ఇవ్వగా దానిని సొరుగులో పెట్టాడు. యాంటీటమ్ యుద్ధంలో దక్షిణాది సేన వెనక్కి తగ్గాక సెప్టెంబరు 22న అది బయటికి వచ్చింది. గ్రీలీకి రాసినదాంట్లో అబద్ధం లేదు, నిజమంతా కూడా లేదు. రేపు తీసుకోబోయే నిర్ణయానికి, దానిని ఇష్టపడనివారి చెవులను కూడా ఈరోజే సిద్ధం చేసిన లేఖ అది, దాని నేర్పు నాకు నచ్చుతుంది, దాని చల్లదనం అంతగా నచ్చదు.

ఆ కాలంలో సంపాదకుడు వేరు, నాయకుడు వేరు అన్న గీత పలుచన. మనకు ఇది కొత్త కాదు. పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి కాకతీయ పత్రికను నడిపిన పి.వి. నరసింహారావు తరువాత ప్రధాని అయ్యారు. లింకన్ కూడా 1859లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక జర్మన్ భాషా పత్రికకు చడీచప్పుడు లేకుండా సొంతదారు అయ్యాడు, జర్మన్ ఓటర్ల కోసమే. న్యూయార్క్ టైమ్స్ సంపాదకుడు హెన్రీ రేమండ్ 1864లో లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీ అధ్యక్షుడు కూడా. ఇదే రేమండ్ పత్రిక, పరిహారం చెల్లించి బానిసలను విడిపించే పథకం ఖర్చుతో కూడుకున్నదని 1862లో ఆక్షేపించినప్పుడు, డెలావేర్ రాష్ట్రంలోని బానిసలందరి విడుదలకు తలకు 400 డాలర్ల చొప్పున యజమానులకు ఇవ్వడానికి యుద్ధపు ఒక పూట ఖర్చు కూడా పట్టదని లింకన్ లెక్క కట్టి రాశాడు. ఏళ్ల తరబడి తనను వెక్కిరించిన న్యూయార్క్ హెరాల్డ్ యజమాని బెన్నెట్‌కు 1865 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రాయబారి పదవి ఇవ్వజూపడం మాత్రం, ఎంత సర్దిచెప్పుకున్నా, బేరమే, బెన్నెట్ వద్దన్నాడు.

ఇక ఆపుకున్న ఉత్తరాలకు వస్తే, ఇక్కడ చెప్పుకునేవి 1864 వేసవివి. నయాగరా దగ్గర కెనడా వైపు దక్షిణాది దూతలు శాంతి అధికారంతో ఉన్నారని గ్రీలీ జులైలో రాశాడు. అలాగైతే మీరే వెళ్లి తీసుకురండని లింకన్ ఆయననే పంపాడు. తీరా చూస్తే వారికి ఆ అధికారం లేదు. యూనియన్ పునరుద్ధరణ, బానిసత్వం విడిచిపెట్టడం అన్న రెండు షరతులతో లింకన్ ఇచ్చిన చీటీ మాత్రం బయటికి పొక్కి పెద్ద దుమారం లేపింది. తమ మధ్య నడిచిన ఉత్తరాలన్నీ అచ్చు వేద్దామని గ్రీలీ పట్టుబట్టాడు. దేశం చావుబతుకుల్లో ఉందన్నట్టు గ్రీలీ రాసిన వాక్యాల మీద లింకన్ ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఇవి తీసేస్తే మిగతావి వేసుకోవచ్చన్నాడు. గ్రీలీ ఒప్పుకోలేదు. ఆ నిరుత్సాహపు మాటలు జనంలోకి పోవడం కంటే, తాను తప్పుడు మనిషిలా కనిపించడమే మేలని లింకన్ ఊరుకున్నాడు. ఎర్ర సిరాతో బతికిన నాకు, తన ప్రతిష్ఠను కాపాడే పేరాలను కూడా వదులుకున్న ఆ సంపాదకత్వం మీద గౌరవం కలిగింది.

ఆ రెండో షరతును తప్పుబడుతూ విస్కాన్సిన్‌లోని గ్రీన్‌బే పత్రిక సంపాదకుడు చార్లెస్ రాబిన్‌సన్ ఆగస్టులో ఉత్తరం రాశాడు. ఆయన ప్రతిపక్ష డెమోక్రాట్ అయినా యుద్ధాన్ని బలపరిచినవాడు. లింకన్ 17న తయారుచేసిన జవాబులో, స్వేచ్ఛ ఇస్తామన్న మాటను నమ్మి తమ పక్షాన పోరాడిన నల్లవారిని మళ్లీ బానిసత్వంలోకి నెట్టలేనని గట్టిగానే చెప్పి, చివరికి వచ్చేసరికి, దక్షిణాది అధ్యక్షుడు జెఫర్‌సన్ డేవిస్ బానిసత్వం ఊసెత్తకుండా శాంతి, ఏకీకరణ ఇస్తానంటే నేనేం చేస్తానో ఆయననే నన్ను అడిగి చూడమనండి అన్న అర్థంలో ఒక తలుపు తెరిచి ఉంచాడు. రెండు రోజులకు నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను పిలిచి, ఈ జవాబు పంపవచ్చా అని అడిగాడు. ఒకనాడు బానిసగా బతికిన డగ్లస్, ఇది మీరనుకున్న దానికంటే విస్తారంగా అర్థమవుతుంది, బానిసత్వ వ్యతిరేక విధానాన్నే వదిలేశారంటారు, పంపవద్దన్నాడు. అది పోస్టు కాలేదు.

మరో మూడు రోజులకు, ఆగస్టు 22న, రానున్న అధ్యక్ష ఎన్నికల్లో గాలి మనకు ఎదురుగా వీస్తోందని, డేవిస్ దగ్గరికి ఒక దూతను పంపి కేవలం ఏకీకరణ షరతు మీద శాంతి ప్రతిపాదించమని రేమండ్ రాశాడు. లింకన్ 24న రేమండ్ పేరనే ఆ రాయబారానికి ఆదేశపత్రం రాసి పెట్టి, మరునాడు రేమండ్ స్వయంగా వచ్చినప్పుడు మంత్రులతో కలిసి నచ్చజెప్పాడు: అలా చేయడం ఎన్నికలో ఓడడం కంటే హీనం, ముందే చేతులెత్తేయడం. రేమండ్ రాయబారం వెళ్లలేదు. సెప్టెంబరు 2న దక్షిణాది నగరం అట్లాంటా యూనియన్ సేనల వశమైంది, నవంబరు 8న లింకన్ గెలిచాడు. గాలి ఎదురుగా ఉందన్న రేమండ్ కూడా అదే ఎన్నికల్లో న్యూయార్క్ నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు.